ట్యాంకు నీడ, మూడు డయోడ్లు

సోలార్ ప్యానెల్‌ను ఎండలో పెట్టి, ఒక్క గడి మాత్రమే మూసుకునేలా దానిమీద అట్టముక్క ఉంచితే చాలు, తరగతిలో ఎవరో ఒకరు అడిగి తీరతారు: "72 గళ్లలో ఒకటే కదా సార్ మూశాం, ఉత్పత్తి దాదాపు మూడో వంతు ఎందుకు పడిపోయింది?" ఇంటిమీద సోలార్ పెట్టించుకునే పెద్దలు మొదట అడగాల్సిందీ ఇదే. వాళ్లు మాత్రం "మాకెన్ని కిలోవాట్లు కావాలి?" దగ్గర మొదలుపెడతారు.

జవాబు 1940 నాటి ఒక సిలికాన్ కడ్డీలో ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ నెర్రెలిచ్చిన ఆ కడ్డీ ముక్కను పరీక్షిస్తుంటే, దీపం వెలుగు పడగానే అందులో వోల్టేజి పుట్టింది. ఆ ముక్కలో ఒక పక్క ఒక రకం మలినాలు, రెండో పక్క ఇంకో రకం చేరి ఉన్నాయి. అవి కలిసేచోట దానంతట అదే విద్యుత్ క్షేత్రం ఏర్పడింది. పాఠ్యపుస్తకాల్లో పి-ఎన్ సంధి అంటున్నది దాన్నే. ఈ సంధికి రెండు గుణాలు. వెలుగు తగిలి ఎలక్ట్రాన్లు విడివడితే వాటిని ఒక పక్కకు తోస్తుంది. అదే మనం వాడుకునే కరెంటు. వెలుగు లేనప్పుడు మామూలు డయోడ్‌లా కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చి, ఎదురు దిక్కున ఆపేస్తుంది.

చిక్కంతా ఆ ఎదురు దిక్కుతోనే. ఎండలో గడి ఏ దిక్కుకు కరెంటు పంపుతుందో, నీడలో సరిగ్గా ఆ దిక్కునే అడ్డుకుంటుంది. ఒక్కో గడి ఇచ్చేది అర వోల్టు పైచిలుకు. అది దేనికీ చాలదు కాబట్టి 72 గళ్లను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. మేస్త్రీ పనిలో వరసగా నిలబడి ఇటుకలందించే కూలీల్లో ఒక్కరు చేతులు కట్టుకుంటే వరసంతా ఆగినట్టు, ఒక గడి చీకటైతే మిగతా 71 గళ్ల కరెంటుకూ దారి మూసుకుపోతుంది. అవి ఊరుకోవు. తమ వోల్టేజి మొత్తాన్నీ ఆ గడిమీద తిరగేసి రుద్దుతాయి. కరెంటు తయారుచేయాల్సింది కాస్తా కరెంటు తినడం మొదలుపెట్టి కాలిపోతుంది. ప్యానెల్ వెనక కనిపించే గోధుమరంగు మచ్చ చాలాసార్లు దాని గుర్తే.

దీనికి కనిపెట్టిన విరుగుడంటే నాకు మహా ఇష్టం. 72 గళ్లను 24 చొప్పున మూడు వరసలు చేసి, ఒక్కో వరసకు పక్కనే ఒక డయోడ్‌ను తిరగేసి తగిలించారు. ఎండ బాగున్నంతసేపు ఆ వరస వోల్టేజే దాన్ని మూసి ఉంచుతుంది. నీడ పడి వరస వోల్టేజి తలకిందులై అర వోల్టు దాటిందా, అదే తెరుచుకుంటుంది. మిగతా రెండు వరసల కరెంటు ఆ పక్కదారిన సాగిపోతుంది. మీట లేదు, సెన్సర్ లేదు, ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. మొండికేసిన డయోడ్ నుంచి కాపాడేది మరో డయోడే! ప్యానెల్ వెనక నల్లపెట్టెలో ఉండేవి ఈ మూడే. అందుకే అట్టముక్క ఒక్క గడిని మూసినా పోయేది మూడో వంతు. ఈమధ్య గళ్లను సగానికి కోసి, ప్యానెల్‌ను పైసగం, కిందిసగంగా విడగొడుతున్నారు కనుక నష్టం కొంత తగ్గుతోంది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేయొచ్చు. 1954లో బెల్ ల్యాబ్స్‌లోనే చేపిన్, ఫుల్లర్, పియర్సన్ ఎండలో 6 శాతాన్ని కరెంటుగా మార్చారు. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో మామూలు బ్యాటరీ కొన్ని వారాలకే చచ్చిపోతే, సోలార్ గళ్లు 1964 దాకా రేడియో పలికించాయి. ఇప్పటి ప్యానెళ్లు 20 శాతం దాటేశాయి.

ఇక మన డాబా. ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని సగటు చూడండి. నెలకు 300 యూనిట్లంటే రోజుకు పది. మన ఎండలో ఒక కిలోవాటు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది కాబట్టి రెండున్నర కిలోవాట్లు. కాస్త వెసులుబాటుకు మూడు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, దాదాపు 300 చదరపు అడుగుల స్థలం, దక్షిణం వైపు కొద్దిపాటి వాలు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే రాయితీ 78,000 రూపాయలు.

ఈ లెక్క ఎవరైనా వేస్తారు. నీడ లెక్కే తప్పుతుంది. కొలతలకు సోలార్‌వాళ్లు మే నెల మధ్యాహ్నం వస్తే హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ట్యాంకు నీడ ట్యాంకు కిందే ఉంటుంది. అదే డిసెంబరు చివర ఉదయం తొమ్మిదికి సూర్యుడు దక్షిణానికి వాలి 30 డిగ్రీల ఎత్తయినా ఎక్కడు. అప్పుడు ఆరడుగుల ట్యాంకు నీడ పదడుగులు దాటి వాయవ్యంగా పాకుతుంది. పక్కింటి మెట్లగది, కొబ్బరిచెట్టు, బట్టల తీగ కట్టిన ఇనప గొట్టం, అన్నిటిదీ ఇదే లెక్క. ఏడో ప్యానెల్‌కు బేరమాడే ముందు, ట్యాంకును ప్యానెళ్లకు ఉత్తరంగా జరపగలమేమో ప్లంబర్‌నడగండి.