లీటరుకు వంద మిల్లీగ్రాములు: ఆ అంకె వెనుక ఏముంది?

బ్రెడ్ ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల వరుసలో చాలాసార్లు 471 అన్న సంఖ్య కనిపిస్తుంది. అది కొవ్వు ఆమ్లాల మోనో, డై గ్లిజరైడ్లకు గుర్తు. ముఖానికి రాసుకునే క్రీముల్లో ఐసోప్రొపైల్ మిరిస్టేట్ వాడతారు. ఇక బయోడీజిల్ అంటే కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్లే. ఈ మూడూ కొవ్వు ఆమ్లాల ఎస్టర్లే. వాడకం ఇంత ఉన్నప్పుడు వీటిలో కొంత కాలువల్లోకి, చెరువుల్లోకి చేరక తప్పదు. అక్కడ బతికే వెన్నెముక లేని చిన్న ప్రాణులకు వీటివల్ల హాని ఉందా?

ఇలాంటి సరుకుల సేఫ్టీ డేటా షీట్లలో తరచు కనిపించే జవాబు ఒకటుంది: డాఫ్నియా మీద 48 గంటల పరీక్షలో ఈసీ50 లీటరుకు 100 మిల్లీగ్రాములకు పైనే. అంటే పరీక్షించిన ప్రాణుల్లో సగం కదలలేని స్థితికి రావాలంటే అంతకన్నా ఎక్కువ మోతాదు కావాలన్నమాట. చూడగానే ఎంతో భరోసా ఇచ్చే అంకె. కానీ నూనెలాంటి పదార్థాల విషయంలో ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. ఎందుకో తెలియాలంటే పరీక్ష ఎలా జరుగుతుందో చూడాలి.

డాఫ్నియా మంచినీటి గుంటల్లో బతికే చిన్న జీవి. రొయ్యలాగే క్రస్టేషియన్ జాతిది. బాగా ఎదిగిన ఆడది అయిదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒళ్లంతా పారదర్శకం కాబట్టి సూక్ష్మదర్శినిలో పెడితే కొట్టుకుంటున్న గుండె, పేగులో పచ్చగా నాచు కనిపిస్తాయి. మగవాటితో పని లేకుండానే ఆడవి పిల్లల్ని పెడతాయి. తల్లీపిల్లలకు జన్యువులు ఒకటే కాబట్టి పరీక్షకు ఒకే తీరు ప్రాణులు దొరుకుతాయి. ప్రయోగశాలలు దీన్ని ఎంచుకోవడానికి అదొక పెద్ద కారణం.

ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) వారి 202వ మార్గదర్శకం ప్రకారం పుట్టి 24 గంటలు దాటని పిల్లల్ని తీసుకుంటారు. ఒక్కో మోతాదుకు కనీసం 20. సాధారణంగా అయిదేసి చొప్పున నాలుగు పాత్రల్లో వేస్తారు. నీరు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. మేత పెట్టరు. 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు మరోసారి పాత్రను మెల్లగా కదిపి చూస్తారు. ఆ తర్వాత 15 సెకన్లలో ఈదలేకపోయిన ప్రాణిని నిశ్చలమైనదిగా లెక్కవేస్తారు. రసాయనం కలపని పాత్రల్లో పదిశాతానికి మించి నిశ్చలమైతే ఆ పరీక్ష చెల్లదు.

నీటిలో చక్కగా కరిగే పదార్థాలకు ఈ పద్ధతితో పేచీ లేదు. మిథైల్ ఓలియేట్ లాంటి ఎస్టరు సంగతి వేరు. చారు మీద పోపు నూనెలా అది తేలిపోతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాములు పోసినా నిజంగా కరిగేది అందులో అతి స్వల్పం. మిగతాదంతా పైన తెట్టుగానో, నీళ్లలో బొట్లుగానో ఉంటుంది. ఆ తెట్టుకు డాఫ్నియా అంటుకుపోతుంది, బొట్లు దాని కాళ్లకు చుట్టుకుంటాయి. ఇక ఈదలేదు. లెక్కలో అది నిశ్చలమైనట్టే. అయితే దాన్ని ఆపింది విషమా, జిడ్డా? ఈ తేడా పట్టించుకోకుండా రాసిన ఫలితం ఏ పక్షాన తేలినా పనికిరాదు.

దీనికి నిపుణులు పాటించే దారి ఒకటుంది. తూచిన ఎస్టరును నీళ్లలో వేసి గంటల తరబడి నెమ్మదిగా కలుపుతారు. తేరుకోనిచ్చి, తెట్టును కదపకుండా కిందినుంచి నీటిని తీస్తారు. డాఫ్నియాలను వదిలేది ఆ నీటిలోనే. ఫలితాన్ని ఎంత కరిగింది అని కాక ఎంత వేశాం అన్న లెక్కలో చెబుతారు, ఈసీ50 బదులు ఈఎల్50 అని రాస్తారు. నీటిలో కరిగిన మోతాదును పరికరంతో కొలిచి పక్కన రాస్తే ఆ నివేదిక మీద నాకు గురి కుదురుతుంది. కొలవకుండా పోసిన లెక్క మాత్రమే రాస్తే కుదరదు.

ఇలా జాగ్రత్తగా చేసినప్పుడు ఒక తీరు కనిపిస్తుంది. కార్బన్ గొలుసు పొడవయ్యే కొద్దీ ఎస్టరుకు జీవకణాల పొరల్లోకి చొరబడే గుణం పెరుగుతుంది. నీటిలో కరిగే గుణం అంతకన్నా వేగంగా పడిపోతుంది. అందుకే పొట్టి గొలుసు ఎస్టర్లతో హాని కనిపించే అవకాశం ఎక్కువ. బాగా పొడవైనవి కరిగినంత మేరా కరిగినా 48 గంటల్లో ప్రభావం చూపకపోవచ్చు. పైగా ఎస్టర్లను విడగొట్టే ఎంజైములు ప్రాణుల ఒంట్లోనే ఉంటాయి.

అయినా 48 గంటలు చాలవు. సరిగా కరగని పదార్థం ఒంట్లోకి చేరడానికే రోజులు పట్టవచ్చు. రసాయనాల విషయంలో ఐరోపా సమాఖ్య 2006లో తెచ్చిన రీచ్ చట్టం ఈ సంగతి గుర్తించింది. నీటిలో సరిగా కరగని వాటికి దీర్ఘకాల పరీక్షను పరిశీలించాలని చెప్పింది. డాఫ్నియాతో అయితే అది 21 రోజుల పరీక్ష. అందులో తల్లులు పెట్టిన పిల్లల్ని లెక్కిస్తారు.

మన గోదావరి జిల్లాల రొయ్య రైతులకు తెలిసిన ప్రమాదం ఇంకొకటుంది, ఆక్సిజన్ పడిపోవడం. ఈ ఎస్టర్లలో చాలావాటిని సూక్ష్మజీవులు త్వరగా తినేస్తాయి. అది మంచిదే. కానీ తినేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ వాడుకుంటాయి. ప్రయోగశాలలో పరీక్ష ముగిసేసరికి నీటిలో ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గకూడదన్న నియమం ఉంది. బయోడీజిల్ ఒలికిన చెరువుకు అలాంటి కాపలా ఉండదు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) అసలే తక్కువగా ఉంటుంది. విషం లేకపోయినా ఆ వేళ రొయ్యలు పైకి తేలే ప్రమాదం ఉంది.

పర్యావరణానికి మేలైనదని చెప్పి ఎవరైనా మీకు బయోడీజిలో, బయో లూబ్రికెంటో అమ్మజూపితే సేఫ్టీ డేటా షీటు అడగండి. అందులో 12వ విభాగం పర్యావరణానిది. అక్కడి అంకె పోసిన లెక్కా, కరిగిన లెక్కా అని అడగండి. 21 రోజుల పరీక్ష ఫలితం ఉంటే చూపించమనండి.