దొంగకు పనికిరాని తీగ

డొరగుడ చిన్న ఊరు. ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో, టికిరి పక్కన ఉంటుంది. ఈ రాయగడ 1992 దాకా పాత కొరాపుట్ జిల్లాలో భాగం. పార్వతీపురం మీదుగా రైల్లో వెళ్లే తెలుగువాళ్లకు రాయగడ అంటే మజ్జిగౌరమ్మ గుడి. లోహాల పరిశ్రమ తెలిసినవాళ్లకు మాత్రం ఈ ప్రాంతం పేరు చెప్పగానే అల్యూమినియానికి మూలమైన బాక్సైటు గుర్తొస్తుంది. బాఫ్లిమాలి కొండ మీద తవ్విన ఎర్రరాయి పొడవాటి కన్వేయరు మీద డొరగుడలోని ఉత్కళ్ అల్యూమినా కర్మాగారానికి దిగుతుంది. 2013లో ఇక్కడ ఉత్పత్తి మొదలైంది. కొరాపుట్ వైపు దామన్‌జోడిలో ప్రభుత్వ సంస్థ నాల్కో ఇదే పనిని 1980ల నుంచీ చేస్తోంది. దాని రాయి పంచపత్‌మాలి కొండది.

వీధి దీపాల తీగల దొంగతనం గురించి రాస్తూ బాక్సైటు కొండ దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ దొంగతనాన్ని అడ్డుకునే ప్రయత్నాల్లో తాళాలు, కాపలాలు, కేసులు అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే గట్టిగా నిలిచింది లోహం మార్పు. రాగి పోయి అల్యూమినియం రావడంతోనే తీగ దొంగ లెక్క తప్పింది.

ముందు వీధి దీపమే ఎందుకు సులువుగా దొరుకుతుందో చూడాలి. ఇంటి తీగలో ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. వీధి దీపాల వరస అలా కాదు. తెల్లారి స్విచ్ కట్టేస్తే సాయంత్రం దాకా ఆ తీగ చచ్చిన తీగే. అది ఎవరి గడపలోనూ ఉండదు, ఎవరి మీటరుకూ తగిలి ఉండదు. పగటిపూట తీగ పోయినా సాయంత్రం దీపాలు వెలగాల్సిన వేళ దాకా ఎవరికీ తెలియదు. ఒకసారి తీగ పోయాక ఆ వీధి చీకటవుతుంది, మిగిలిన తీగ తెంచడానికి వచ్చేవాడికి ఆ చీకటే సాయం చేస్తుంది.

రాగి మీద ఈ ఆశ కొత్తది కాదు. పొలంలో ట్రాన్స్‌ఫార్మరును దించి, నూనె పారబోసి, లోపలి రాగి చుట్లు పట్టుకుపోయాక ఎండిపోతున్న పైరు ముందు నిలబడ్డ రైతులు తెలుగు జిల్లాల్లో ఎందరో. టెలిగ్రాఫు తీగల కాలంలో ఈ బెడద ఎంత ముదిరిందంటే, 1950లో భారత ప్రభుత్వం దానికోసమే ఒక చట్టం తెచ్చింది. ఫలానా మందం రాగి తీగ ఎవరి దగ్గర అక్రమంగా ఉన్నా నేరమే అంది. మందాన్ని మైలు పొడవు తీగ ఎన్ని పౌండ్లు తూగుతుందన్న లెక్కలో నిర్వచించింది. తీగ తెంచినవాడిని చీకట్లో పట్టుకోవడం కష్టమని, తీగ ఉన్నవాడిని పట్టుకోవాలని ఆ చట్టం రాసినవాళ్లు గ్రహించారు. డెబ్బై అయిదేళ్ల నాటి ఆ తెలివి ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక లోహాల లెక్క. రాగి మంచి వాహకం, అల్యూమినియం వాహకత అందులో సుమారు 61 శాతం. అందుకే 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చేసే పనికి 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ కావాలి. మందం పెరిగినా బరువు తగ్గుతుంది. రాగి నీటికంటే దాదాపు 9 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లే. కిలోమీటరు పొడవున ఆ రాగి తీగ 89 కిలోలు తూగితే అల్యూమినియం తీగ 43 కిలోలు. కిలో ధర చూస్తే రాగిది మూడు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. రెండు లెక్కలూ కలిపితే, అదే దూరం తీగ తెంచిన దొంగకు అల్యూమినియం మీద దక్కేది రాగి మీద దక్కేదాంట్లో సుమారు ఏడో వంతు. ప్రమాదం అంతే, శ్రమ అంతే, రాబడి మాత్రం ఏడో వంతు.

ఇంత చవకగా దొరికే లోహం ఒకప్పుడు వెండికంటే ఖరీదు. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే పద్ధతి కనిపెట్టారు. కరిగిన క్రయొలైటులో అల్యూమినాను కలిపి కరెంటు పంపితే లోహం అడుగుకు దిగుతుంది. మరో రెండేళ్లకు కార్ల్ జోసెఫ్ బేయర్ బాక్సైటును వేడి కాస్టిక్ సోడాలో కరిగించి, ఇనుమును ఎర్ర బురదగా వేరుచేసి, తెల్లటి అల్యూమినా పొడి తీసే దారి చూపించాడు. డొరగుడలో జరిగేది బేయర్ చూపిన పనే. హాల్, ఎరూల పని సంబల్‌పూర్ జిల్లా లపంగ, నాల్కోకైతే అంగుల్ లాంటి చోట్ల స్మెల్టర్లలో జరుగుతుంది. రెండు టన్నుల పొడి నుంచి ఒక టన్ను లోహం, దానికి దాదాపు 14,000 యూనిట్ల కరెంటు. ఆ లోహాన్ని 9.5 మిల్లీమీటర్ల మందం కడ్డీగా చుట్టి తీగల కర్మాగారాలకు పంపుతారు.

ఈ లోహం వెనక మనుషుల కథ కూడా ఉంది. 2000 డిసెంబరు 16న కాశీపూర్ బ్లాకులోని మైకంచ్ గ్రామంలో, ఈ బాక్సైటు పథకాన్ని వద్దన్న ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. మన వీధికి చవకగా వచ్చిన తీగ ఆ కొండ కింది ఊళ్లకు చవకగా రాలేదు. కొంత కరెంటు కూడా ఇటువైపు నుంచే వస్తోంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కొరాపుట్ నీటితో 1955 నుంచి ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాలకూ కరెంటు ఇస్తోంది. ఆ కరెంటు ఎక్కడ పుట్టిందో, ఆ తీగ ఎక్కడ పుట్టిందో ఆ పల్లెల వీధులు కూడా రాత్రిపూట వెలగాలన్నది నా గట్టి కోరిక.

స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో రాగి కొరత ఎక్కువ, దాన్ని కొనడానికి విదేశీ మారకం తక్కువ. ఆ ఒత్తిడే 1960ల నుంచి కరెంటు తీగల్లో అల్యూమినియాన్ని ముందుకు తోసింది. నడుమ ఉక్కు తీగ, చుట్టూ అల్యూమినియం పోగులు పేనిన కండక్టరు ఊరూరా స్తంభాల మీదకెక్కింది. దొంగతనాలు తగ్గాయి గానీ ఆగలేదు. అల్యూమినియం తుక్కును కరిగించి సత్తు గిన్నెలు పోసుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పైన తొడుగు లేని తీగను చుట్ట చుట్టి సైకిలు మీద పెట్టుకుపోతే తూకానికి పనికొస్తుంది. లోహం మారడం ఒక్కటే చాలలేదు, తీగ నిర్మాణం కూడా మారాలి.

ఆ రెండో మార్పు పేరు ఏబీ కేబులు. 1950, 60లలో ఫిన్లాండు, ఫ్రాన్సు లాంటి దేశాలు చెట్ల కొమ్మలు, మంచు పడి తీగలు తెగకుండా ఉండేందుకు దీన్ని తయారుచేసుకున్నాయి. విడివిడిగా లాగే తీగలకు నల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ తొడుగు వేసి, అన్నిటినీ జడలాగా కలిపి పేనుతారు. మన దగ్గర దీనికి 1995లో ఐఎస్ 14255 అనే ప్రమాణం వచ్చింది. డిస్కంలు దీన్ని ఎంచుకున్నది ముఖ్యంగా కొక్కేలు వేసి కరెంటు దొంగిలించేవాళ్లను ఆపడానికి. తొడుగున్న తీగ మీద కొక్కెం వేస్తే కరెంటు రాదు. తీగనే దొంగిలించేవాడికి కూడా ఇది అడ్డమవుతుందన్నది తర్వాత తేలింది.

ఈ జడ లోపల ఏముందో చూస్తే దాని గొప్పతనం తెలుస్తుంది. మూడు ఫేజుల తీగలు, అన్నిటి బరువూ మోస్తూ న్యూట్రల్‌గా కూడా పనిచేసే మిశ్రలోహపు మెసెంజరు తీగ, వీటి మధ్య 16 చదరపు మిల్లీమీటర్ల తీగ ఒకటి. ఆ సన్నటిది వీధి దీపాలది. పగలు అది చచ్చిన తీగే, కానీ ఇప్పుడు ఒంటరిది కాదు. దాన్ని పెనవేసుకుని ఉన్న మూడు ఫేజుల్లోనూ ఇళ్లకు వెళ్లే కరెంటు నడుస్తూనే ఉంటుంది. దీపాల తీగ తెంచాలంటే బతికున్న తీగల జోలికి వెళ్లక తప్పదు. తెంచితే వీధి మొత్తం కరెంటు పోతుంది, అందరూ బయటికొస్తారు. ఎవరూ కాపలా కాయని తీగకు ఊరంతా కాపలా అయింది. నా దృష్టిలో ఈ కథలోని అసలైన ఆవిష్కరణ ఇదే.

తొడుగు కూడా సాయం చేస్తుంది. దొంగలు రాగి తీగ తొడుగును కాల్చేస్తారు. పీవీసీ కాలిన విషవాయువులు పీల్చేది ఆ చుట్టుపక్కల పిల్లలే. రాగి 1,085 డిగ్రీల దాకా కరగదు కాబట్టి మంటలోంచి చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. సన్నటి పోగులైతే మంట పెరిగిన చోటల్లా మసిబారి, బూడిదలో కలిసి, తూకం తగ్గుతాయి. ఎక్స్‌ఎల్‌పీఈ తొడుగును కత్తితో ఒలవడం గంటల పని.

అల్యూమినియానికి లోపాలున్నాయి, లైన్‌మ్యాన్లకు అవి బాగా తెలుసు. గాలి తగిలిన క్షణంలో దానిమీద ఆక్సైడు పొర కడుతుంది, ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది. స్క్రూ కింద బిగించిన తీగ కాలం గడిచేకొద్దీ నొక్కుకుపోయి వదులవుతుంది, వదులైన చోట వేడెక్కి కాలుతుంది. రాగితో నేరుగా కలిపితే వాన తేమలో అతుకును తుప్పు తినేస్తుంది. అందుకే రెండు లోహాల లగ్గులు, తొడుగును పళ్లతో చీల్చుకుని తీగను పట్టుకునే పియర్సింగ్ కనెక్టర్లు వచ్చాయి. సరైన బిగువు రాగానే ఈ కనెక్టరు బోల్టు తల విరిగిపోతుంది. వీటి మీద డబ్బు మిగుల్చుకుని తీగను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన చోట దీపాలు ఆరిపోతాయి. నింద మాత్రం అల్యూమినియం మీద పడుతుంది.

పెద్ద రోడ్ల నడుమ స్తంభాలకు తీగ భూమిలో నడుస్తుంది. అక్కడ జడ లేదు, తోడుగా బతికున్న ఫేజులు లేవు. స్తంభం అడుగున ఉండే చిన్న తలుపు తీసి, రెండు స్తంభాల దగ్గర కేబులు కోసి, ఒక కొసను బండికి కట్టి లాగితే పైపులోంచి జారి వచ్చేస్తుంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం 2022 జూలైలో సిక్స్త్ స్ట్రీట్ వయాడక్టు అనే అందమైన వంతెనను తెరిచింది. కొద్దికాలానికే దాని దీపాల నుంచి సుమారు ఏడు మైళ్ల రాగి తీగ పోయి వంతెన చీకటైంది. ఆ తుక్కు ధరకూ, మళ్లీ తీగ వేసే ఖర్చుకూ పొంతనే లేదు.

ఇలాంటి చోట జారకుండా చూడటమే మందు. ఇనుప కవచం ఉన్న అల్యూమినియం కేబులు వేసి, ప్రతి స్తంభం దగ్గరా గ్లాండుతో, క్లాంపుతో బిగించాలి. అప్పుడు ఒక చోట కోసినా రెండు స్తంభాల నడిమి ముక్కే వస్తుంది, అదీ తవ్వితేనే. తలుపు ప్రత్యేక తాళంచెవితోనే తెరుచుకునేలా పెట్టాలి. కొందరు తలుపుకు వెల్డింగు కొట్టేస్తారు. అది నాకు నచ్చదు. రేపు లోపల షార్టయితే లైన్‌మ్యాన్ ఆ తలుపు తీయలేడు.

అన్నిటికంటే భయపెట్టే దొంగతనం ఇంకొకటి ఉంది, అది ఎర్తు తీగది. ఫేజు తీగ పోతే దీపం ఆరుతుంది, ఎవరో ఫిర్యాదు చేస్తారు. ఎర్తు తీగ పోతే దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. వానాకాలంలో లోపలి తొడుగు చెడి, కరెంటు ఇనుప స్తంభానికి తగిలిన రోజున, దాన్ని పట్టుకున్న పిల్లవాడి ఒంట్లోంచే భూమిలోకి దారి వెతుక్కుంటుంది. అందుకే ఎర్తుకు రాగి పట్టీ బదులు జింకు పూసిన ఇనుప పట్టీ వాడి, కనపడకుండా కాంక్రీటులో కప్పేయాలి. తుక్కులో దానికి పెద్ద ధర రాదు, పనికి లోటు లేదు.

మూడో మార్పు ఎలక్ట్రానిక్స్ తెచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కూల్చాక, ఈఈఎస్ఎల్ సంస్థ అక్కడ 90 వేలకు పైగా ఎల్‌ఈడీ వీధి దీపాలు పెట్టింది. 2015 జనవరి 5న దేశవ్యాప్త వీధి దీపాల కార్యక్రమం మొదలైంది. 250 వాట్ల సోడియం దీపం చేసే పనికి 110, 120 వాట్ల ఎల్‌ఈడీ చాలు. కరెంటు సగానికి పడితే సన్నటి తీగ సరిపోతుంది, దొంగిలించే లోహమూ తగ్గుతుంది. దీంతో వచ్చిన సీసీఎంఎస్ పెట్టె వరస మొత్తం ఎంత కరెంటు తీసుకుంటోందో కొలిచి సిమ్ కార్డుతో కేంద్రానికి చెబుతుంది. నిన్న 40 దీపాల కరెంటు ఉండి ఇవాళ 25 దీపాలదే ఉంటే ఏదో తెగిందని అర్థం.

పగటి దొంగతనాన్ని మాత్రం ఈ కొలత పట్టలేదు. దానికి ఇంకో ఉపాయం ఉంది. దీపాలు ఆర్పాక తీగలోకి అపాయం లేని కొద్దిపాటి వోల్టేజీ పంపుతారు, చివరి స్తంభంలో ఒక చిన్న పరికరం దానికి జవాబిస్తుంది. జవాబు ఆగిన నిమిషంలో ఫోను మోగుతుంది. చచ్చిన తీగకు పగలు కూడా కాస్త ప్రాణం ఉంచడమే ఇందులోని సూత్రం. కొండ పల్లెల్లో సోలారు దీపానికి పొడవాటి తీగే ఉండదు. అక్కడ దొంగ చూపు బ్యాటరీ మీద పడింది, అందుకని బ్యాటరీ అడుగు పెట్టెలోంచి స్తంభం తలమీదికి చేరింది.

చట్టం సంగతి చూద్దాం. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షను తీగలు, సామగ్రి దొంగిలిస్తే మూడేళ్ల దాకా జైలు అంటుంది. 137 ఆ సొత్తు తెలిసీ కొన్నవాడికి కూడా మూడేళ్ల దాకా అంటుంది. పట్టుబడేది మాత్రం ఎక్కువగా తెంచినవాడే. అతని వెనక తూకం వేసిన తుక్కు కొట్టు తెరిచే ఉంటుంది. ఇంగ్లండు, వేల్సులలో 2012 డిసెంబరు నుంచి తుక్కు లోహానికి నగదు ఇవ్వడం నిషేధం, మరుసటి ఏడు చట్టంతో తుక్కు వ్యాపారులకు లైసెన్సు, అమ్మినవాడి గుర్తింపు తప్పనిసరి. కాల్చిన తీగకు బ్యాంకు ఖాతాలో డబ్బు వేయించుకునే ధైర్యం ఏ దొంగకుంటుంది? ఇలాంటి నియమం మన పట్టణాల్లో రావాలి, ముందుగా కాల్చిన కేబులు విషయంలో.

మీ ఊళ్లో కొత్త రోడ్డుకు దీపాల అంచనా వేస్తున్నప్పుడు వార్డు సభ్యుణ్నో, ఇంజనీరునో నాలుగు మాటలు అడగండి: తీగ ఏ లోహం, ప్రతి స్తంభం దగ్గరా క్లాంపు ఉందా, ఎర్తు దేంతో చేశారు, పగలు తెగితే ఎవరికి తెలుస్తుంది. తలుపు ఊడి, తీగలు వేలాడే స్తంభం కనిపిస్తే పిల్లల్ని దూరంగా ఉంచి, ఆ రోజే 1912కు ఫోను చేయండి.