అమెరికాలో చిన్న ఊళ్లో కాపురం ఎలా ఉంటుంది?

మాది ముదినేపల్లి. పెళ్లయ్యాక ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కి వచ్చాను. "అమెరికా అంటే అంతా న్యూయార్క్ లాగే ఉంటుందా అక్కా?" అని చాలామంది అడుగుతున్నారు. అస్సలు కాదు. ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

2020 లెక్కల్లో ఈ ఊరి జనాభా 54 వేలు. మన గుడివాడలో సగం కూడా లేదు. మరి తెలుగువాళ్లు ఇక్కడికెందుకు వస్తున్నారంటే, వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్నది ఇక్కడే. దానికి సరుకు అమ్మే కంపెనీలు, సాఫ్ట్‌వేర్ పనులు చేసేవి దాని చుట్టూ చేరాయి.

పిల్లలకైతే బాగుంటుంది. ఏ అడ్రసులో ఉంటే ఆ ఏరియా గవర్నమెంటు స్కూల్లో సీటు ఇస్తారు, పన్నెండో తరగతి దాకా ఫీజు లేదు. లైబ్రరీ ఫ్రీ. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియానికి మామూలుగా టికెట్ కూడా లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం. అమ్మానాన్న వచ్చినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ముదినేపల్లిలో నాన్న పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి, టీ తాగి, నలుగురితో మాట్లాడి వస్తారు. ఇక్కడ వీధిలో పలకరించడానికి మనిషే కనపడడు.

తర్వాత గాలివాన. మన దివిసీమ వైపు తుఫాను వస్తుందంటే ఇప్పుడు రోజుల ముందే చెబుతున్నారు. ఇక్కడ టోర్నడోకి దొరికేది నిమిషాలే. సైరన్ మోగితే కిటికీల్లేని లోపలి గదిలోకి వెళ్లిపోవాలి. 2024 మే 26 తెల్లవారుజామున పక్కనే ఉన్న రోజర్స్ బాగా దెబ్బతింది.

అసలు విషయం వీసా. భర్తది హెచ్1బి అయితే భార్యకి వచ్చేది హెచ్4. దాని మీద వెంటనే ఉద్యోగం చెయ్యడానికి లేదు. భర్త గ్రీన్‌కార్డు ఫైల్లో ఐ-140 అనే మెట్టు దాటాక, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. ఈ వెసులుబాటు వచ్చింది 2015లో. అందాకా ఎంత చదువుకున్నా ఇంట్లోనే. నేనూ ఆ రోజులు చూశాను. డబ్బు కన్నా ఎక్కువగా, "నువ్వేం చేస్తుంటావు?" అని ఎవరైనా అడిగితే కష్టంగా ఉండేది.

భర్త ఉద్యోగం పోయిందనుకోండి, గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా దేశం వదలాలి. పెద్ద సిటీలో అయితే ఇల్లు మారకుండానే ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇలాంటి ఊళ్లో చాలావరకు అంతా ఒకే వ్యాపారం మీద బతుకుతుంది. అందుకే ఉద్యోగం పోతే ఊరూ, పిల్లల స్కూలూ, స్నేహితులూ అన్నీ మారిపోవచ్చు.

కాబట్టి సంబంధం చూస్తున్నవాళ్లు జీతం ఒక్కటే అడక్కండి. ఐ-140 అయ్యిందా, ఉద్యోగం పోతే నాలుగైదు నెలలకి సరిపడా డబ్బు ఉందా, అమ్మాయికి డ్రైవింగ్ నేర్పిస్తారా, ఈ మూడూ అడగండి. అడగడం తప్పు కాదు, మొహమాటపడొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ గురించి చెబుతాను. ఉంటానండి.