రైతు కాయితం గంగల కలవొద్దంటే..

డేటాబేస్ పని నేర్చుకుంటున్నోళ్ల కోసం నాకు తగిలిన దెబ్బ చెప్తున్న, ఇనుండ్రి.

రైతుల పాత కాయితాలు స్కాన్ చేసి మైఎస్‌క్యూఎల్ 5.6ల దాచే పని ఒప్పుకున్న. చిన్న ఫైళ్లు మంచిగనే ఎక్కినయ్. 12 ఎంబీది తిరగ్గొట్టింది. మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ 16 ఎంబీ చేసిన. అయినా ఎక్కలే. ఈసారి రీడూ లాగ్ పెంచుమన్నది.

ఏందీ లాగ్? కిరాణ దుకాణం చిట్టా అనుకోండ్రి. సేటు ముందుగాల చిట్టాల రాస్తడు, ఎనక ఖాతాల ఎక్కిస్తడు. కరెంటు పోయి సర్వర్ పడిపోతే, ఆ చిట్టా చూసే లెక్క సరిచేసుకుంటది. కానీ చిట్టాకు పేజీలు గిన్నే. నిండితే మొదటికొచ్చి పాతదాని మీదనే రాస్తది. ఖాతాకెక్కనిది చెరిగితే రైతు కాయితం గంగల కలిసినట్టే.

గందుకే 5.6ల ఒక్క హద్దు పెట్టిండ్రు: బ్లాబ్ సైజు లాగ్ మొత్తంల 10 శాతం దాటొద్దు. మామూలుగ లాగ్ ఫైళ్లు 48 ఎంబీవి రెండు, అంటే 96. హద్దు 9.6. మరి నా 12 ఎట్ల పడ్తది?

లాగ్ ఫైళ్లు చేత్తో డిలీట్ చెయ్యబోయి ఆగిన. సర్వర్ పడిపోయినంక అట్ల చేస్తే లెక్కే పోతది. సర్వర్‌ను పద్ధతిగ ఆపి, ఇన్నోడీబీ లాగ్ ఫైల్ సైజ్ 128 ఎంబీ పెట్టి లేపిన. రెండు కలిపి 256, హద్దు 25.6. కాయితం ఎక్కింది.

సగటు ఫైలు చూసి లాగ్ కొలవొద్దు. అన్నిట్ల పెద్దదాన్ని చూసి, దానికి పదింతలు పెట్టుండ్రి. ఇంకా పెద్దయి ఉంటే ఫైలును ఫోల్డర్ల పెట్టి, దారి మాత్రమే టేబుల్ల రాసుకోండ్రి.