తాత పాటే తొలి బడి

భాద్రపద అమావాస్యను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పెత్రామాస అంటారు. ఆ పొద్దున కాలం చేసిన పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు సర్ది అయ్యగారికో జంగమయ్యకో ఇస్తారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పుకుంటారు. మాపటికి అదే వాడలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది.

ఇక్కడ తాతను తలుచుకోవడమంటే చాలా ఇళ్లల్లో ఆయన పాటను తలుచుకోవడమే. దానికి కారణం ఈ ప్రాంత చరిత్రలోనే ఉంది.

1948 సెప్టెంబరు దాకా ఇది నిజాం ఏలుబడి. బడి చదువు ఉర్దూలో సాగేది. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి.నారాయణరెడ్డి కూడా సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. తెలుగు మీద ఆయనకు మక్కువ పుట్టించినవి ఊళ్లో చిన్నప్పుడు విన్న హరికథలు, జానపదాలు, జంగం కథలు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నాడు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు. బడిలో దొరకని తెలుగు గుడి అరుగు మీద, రచ్చకట్ట దగ్గర, ఇంట్లో తాత పక్కన దొరికిందన్నమాట.

జగిత్యాలకు ఉత్తరాన గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి ఈ చదువుకు పెద్ద ఆసరా. అక్కడి నరసింహస్వామిని కొలుస్తూ శేషప్ప కవి చెప్పిన నరసింహ శతకం పుస్తకం చేతిలో లేనివాళ్ల నోటికీ వచ్చింది. సీస పద్యాన్ని రాగం తీసి తాత చదివితే, చివర వచ్చే మకుటాన్ని మనవలు అందుకునేవాళ్లు. అర్థం తర్వాతెప్పుడో తెలిసేది. పద్యం మాత్రం జన్మంతా గుర్తుండేది.

భజన కూడా అంతే. శనివారం రాత్రి హనుమాండ్ల గుడిలో చాప పరుస్తారు. హార్మోనియం ముందు ఒకరు, డోలక్ దగ్గర ఒకరు, మిగతావాళ్ల చేతుల్లో తాళాలు, చిరుతలు. ముందు గణపతి ప్రార్థన. తర్వాత పెద్దాయన పల్లవి ఎత్తుకుంటే అందరూ కలిసి తిప్పి పాడతారు. చరణం సాగినకొద్దీ తాళం బిగుస్తుంది, డోలక్ వేగం అందుకుంటుంది. ఆయన చెయ్యెత్తితే ఒక్కసారిగా అందరూ ఆపేస్తారు. మంగళహారతితో ముగిస్తారు. తాత తొడ మీద తల పెట్టి పడుకున్న పిల్లలకు ఆ లయ నిద్రలోనే వంటబట్టేది. కొంచెం పెద్దయ్యాక తాళాలు చేతికిచ్చి వరుసలో కూర్చోబెట్టేవాళ్లు.

ఈ తాతలు ఇంటికి ఇంత దగ్గర కావడానికి మరో కారణం వలస. సిరిసిల్ల నేతన్నలు భివండీ, సూరత్, షోలాపూర్ వెళ్లారు. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వేలమంది దుబాయ్, మస్కట్ బాట పట్టారు. బాపు ఎడారిలో ఉంటే, అమ్మ, నానమ్మ బీడీలు చుడుతుంటే, పిల్లల్ని బడికి పంపడం, జ్వరమొస్తే దవాఖానకు తీసుకెళ్లడం, రాత్రి కథ చెప్పి పడుకోబెట్టడం తాత పనయ్యింది. కొండగట్టు అంజన్న దగ్గరికి, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు కట్టడానికి పిల్లల్ని తీసుకెళ్లిందీ ఆయనే. దారి పొడవునా పాటలే.

సిరిసిల్లలో పగలంతా సాంచాల (మరమగ్గాల) చప్పుడు. అయినా అక్కడి పద్మశాలీల ఇళ్లల్లో మార్కండేయుడి కథ తరాలుగా నిలిచింది. ఆ కథను చెప్పేందుకే కూనపులి కళాకారులున్నారు. నకాశీ చిత్రకారులు బట్ట మీద గీసిన పొడవాటి పటాన్ని విప్పుతూ, ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడతారు. మృత్యువును గెలిచిన కులమూలపురుషుడి కథను తాతలు, మనవలు పక్కపక్కన కూర్చుని వినేవాళ్లు. ఇప్పుడు పటం విప్పేవాళ్లు తగ్గిపోయారు. సెల్‌ఫోన్ పెరిగాక భజన వరుసలో కుర్రవాళ్లూ తగ్గారు.

అదే సెల్‌ఫోన్ ఈ పాటల్ని కాపాడగలదు కూడా. తాత ఉన్న ఇంట్లో వారానికో పాట రికార్డు చేస్తే చాలు. పాటతోపాటు ఆయన దాన్ని ఎవరి దగ్గర, ఏ ఊళ్లో నేర్చుకున్నారో, ఏ పండక్కి పాడేవారో కూడా ఆయన గొంతులోనే చెప్పించాలి. చాలా భజన పాటలు అచ్చు కాలేదు. చేతిరాత నోటుబుక్కుల్లోనే ఉన్నాయి. ఆ పుటల్ని ఫొటో తీస్తే చెదలకు పోకుండా మిగులుతాయి. నోటుబుక్కులో రాగం, వరుస ఉండవు కాబట్టి రాతకు రికార్డు తోడుండాలి. తాత కాలం చేసిన ఇళ్లల్లో ఆయన భజన జట్టులోని స్నేహితులను అడగొచ్చు. ఆయన ఎత్తుకునే పల్లవి వాళ్లలో ఎవరో ఒకరికి గుర్తుంటుంది.

2027లో గోదావరి పుష్కరాలు. ధర్మపురి రేవులో మనవలు తాతల పేరిట పిండం పెట్టి తర్పణాలు విడుస్తారు. దుబాయ్, భివండీ నుంచి కుటుంబాలు సొంతూళ్లకు చేరతాయి. పాటల నోటుబుక్కులు ఎవరింట్లో ఉన్నాయో వెతకడానికి, చెల్లాచెదురైన అన్నదమ్ముల పిల్లలకు ఆ పాటలు పంచడానికి, కలిసి ఒక్కసారైనా తిప్పి పాడటానికి అంతకన్నా అనువైన సందర్భం దగ్గర్లో లేదు.