గాజుతొట్టిలో సముద్రం

1846వ సంవత్సరంలో ఆనా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడ లండన్ నుంచి టోర్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళింది. అక్కడి రాళ్ళను కరుచుకుని ఉన్న పగడాలు ఆమె కంట పడ్డాయి. వాటిని ప్రాణంతోనే ఇంటికి తీసుకుపోవాలని ఆమెకు బుద్ధి పుట్టింది. ప్రయాణంలో కుదుపులకు అవి ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా, ఆవిడ సూదీ దారమూ తీసుకుని వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసింది. దాన్ని సముద్రపు నీరు పోసిన జాడీలో పెట్టి లండన్‌కు చేర్చింది.

లండన్‌లో సముద్రం లేదు. నిలవ నీరు చెడిపోతుంది. ప్రతిరోజూ తీరంనుంచి కొత్త నీరు తెప్పించాలంటే ఎంత ఉన్నవాళ్ళకైనా కష్టమే. అందుచేత ఆవిడ ఒక ఉపాయం చేసింది. ఉన్న నీటినే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోనుంచి మరొక పాత్రలోకి ఎత్తి పోయించసాగింది. మన టీకొట్టువాడు టీ చల్లార్చేటప్పుడు చూస్తారే, అలాగ! అలా అరగంట, ముప్పావు గంట పోసేవారు. పోసినది ఆ ఇంటి చిన్న పనిపిల్ల. ఆ పిల్లకు అది ఆటగా ఉండేదని ఆవిడ తరవాత రాసింది. చేతులు నొప్పి పుట్టేవో లేదో ఆ పిల్లను అడిగితే తెలిసేది.

మరుసటి సంవత్సరం ఆవిడ బతికి ఉన్న సముద్రపు నాచుమొక్కలను కూడా తెప్పించి జాడీలలో వేసింది. నాచు ఎండ తగిలినప్పుడు ప్రాణవాయువును వదులుతుంది గనక, పనిపిల్ల శ్రమ కొంత తగ్గింది. ఆ పగడాలు చావలేదు సరికదా, పిల్లలు కూడా పెట్టాయి. ఆ సంగతంతా ఆవిడ 1859లో ఒక శాస్త్రపత్రికలో రాసింది.

పగడాలు పిల్లలు పెట్టటమేమిటి అంటారా? పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. మెత్తని చిన్న సంచీ, దానికి పైన నోరు, నోటి చుట్టూ వేళ్ళలాంటి మీసాలు—ఇదే దాని శరీరం. ఆ మీసాల నిండా కంటికి కనబడని విషపు ముళ్ళుంటాయి. దగ్గరికి వచ్చిన చిన్నచిన్న ప్రాణులను వాటితో పొడిచి, నోట్లో వేసుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని తీసుకుని తన కింద తనే గూడు కట్టుకుంటుంది. అమ్మ మెడలో కనిపించే ఎర్రని పగడం కూడా ఇటువంటి మరొక జాతి జీవి కట్టిన గూడే.

ఆనా థిన్ పెంచినది చల్లని సముద్రాలలో ఒంటరిగా బతికే పగడం. అది వేటాడి పొట్ట పోసుకుంటుంది. లక్షద్వీపాలలోనూ, అండమాన్‌లోనూ సముద్రంలో కోటలలాంటి దిబ్బలు కట్టే పగడాల సంగతి వేరు. వాటి ఒంట్లో ఒక రకం నాచు అద్దెకు కాపురం ఉంటుంది. చదరపు సెంటీమీటరు మేరలో పది లక్షల నాచుకణాలదాకా ఉండవచ్చు! పగడం వదిలే బొగ్గుపులుసు వాయువును ఈ నాచు తీసుకుని, ఎండ సాయంతో చక్కెరలు తయారుచేసి, అందులో పెద్దభాగం ఇంటివాడికి ఇచ్చేస్తుంది. ఇంత ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్ళు మన ఊళ్ళలో కనబడరు. నీరు మరీ వేడెక్కిందంటే మాత్రం ఈ స్నేహం చెడుతుంది. పగడం నాచును బయటికి గెంటేసి తెల్లగా పాలిపోతుంది. నీరు త్వరగా చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. 1998లోనూ, 2016లోనూ లక్షద్వీపాలలో పగడాలు ఇలాగే తెల్లబడి, చాలా భాగం చచ్చిపోయాయి.

ఇప్పుడు అనేక దేశాలలో జనం ఇళ్ళలో గాజుతొట్లు పెట్టుకుని ఈ వెచ్చని సముద్రపు పగడాలనూ, రంగురంగుల చేపలనూ పెంచుతున్నారు. పనిపిల్ల చేసిన పని మోటారు చేస్తుంది. ఎండ పని నీలం, తెలుపు ఎల్.ఇ.డి. దీపాలు చేస్తాయి. అయినా కొత్తగా తొట్టి పెట్టినవాళ్ళ చేపలు తరచు మొదటి నెలలోనే చచ్చిపోతుంటాయి. నీరు అద్దంలాగా ఉంటుంది, తిండి వేస్తూనే ఉంటారు, అయినా చస్తాయి. ఎందుచేత?

చేప మొప్పలనుంచీ, దాని మలంనుంచీ, తినగా మిగిలిన తిండి కుళ్ళటంనుంచీ అమ్మోనియా అనే విషం పుడుతుంది. సముద్రంలో అయితే అది ఎక్కడికక్కడ విరిగిపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అది నీటిలో కలిసి ఉన్నా మన కంటికి కనబడదు. దీనికి విరుగుడు కూడా కంటికి కనబడదు. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరొక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అది అంత హాని చెయ్యదు. పొలం మట్టిలో జరిగేదీ ఇదే. ఈ జీవులను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త విడదీసి చూపించాడు. వీటి సంఖ్య పెరగటానికి తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ళు అన్ని వారాలూ ఒక్క చేపనైనా వెయ్యకుండా ఖాళీ తొట్టిని చూస్తూ కూచుంటారు. నీటిని పరీక్షించి, అమ్మోనియా, నైట్రైటు రెండూ లేవని తేలాకనే మొదటి చేపను తెస్తారు. ఈ ఓపిక లేనివాళ్ళు ఎంత ఖరీదైన సామాను కొన్నా ప్రయోజనం లేదు.

ఈ సూక్ష్మజీవులకు ఇల్లు రాయి. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంనుంచి తెచ్చిన బొరియల రాళ్ళను, వాటిని అంటిపెట్టుకున్న జీవులతో సహా, తొట్టిలో పెట్టాడు. సన్నగా గాలిబుడగలు వదిలి, ఎండ తగలనిచ్చాడు. పెద్ద యంత్రాలేవీ వాడలేదు. ఆయన తొట్లలో చేపలూ, పగడాలూ చక్కగా బతికాయి. 1961లో ఆయన ఈ పద్ధతి గురించి ఒక అమెరికా పత్రికలో రాశాడు. రాయి పైభాగాన ఉండే జీవులు నైట్రేటును తయారుచేస్తే, గాలి చొరని లోపలి బొరియలలో ఉండే మరొక రకం జీవులు దాన్ని విరిచి నత్రజని వాయువుగా వదిలేస్తాయి. రాయి లోపల ఇంత కార్ఖానా నడుస్తుంది!

ఇక ఉప్పు సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఇవి ఒక్క వంట ఉప్పేకాదు. మెగ్నీషియం, కాల్షియం మొదలైన వాటి లవణాలు కూడా ఉంటాయి. అందుకని వంటింటి ఉప్పు కలిపితే సముద్రం కాదు. ఇందుకోసమే తయారుచేసిన ఉప్పును శుద్ధిచేసిన నీటిలో కలుపుతారు. ఇప్పుడు ఒక ప్రశ్న. తొట్టిలో నీరు రోజూ కొంత ఆవిరి అయిపోతుంది. తగ్గినంత మేరకు ఏ నీరు పొయ్యాలి? ఉప్పునీరా, మంచినీరా?

ఉప్పునీరు అన్నవాళ్ళు ఒకసారి నౌపడా ఉప్పుమళ్ళు చూడాలి. ఎండకు నీరు పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. తొట్టిలోనూ అంతే. మనం మళ్ళీ ఉప్పునీరు పోస్తూపోతే, ఉప్పు నానాటికీ పెరిగి ప్రాణులన్నీ చస్తాయి. పొయ్యవలసినది మంచినీరే. నమ్మకం లేకపోతే ఒక పళ్ళెంలో చెంచాడు ఉప్పు కలిపిన నీరు పోసి ఎండలో పెట్టి, రెండు రోజుల తరవాత చూడండి.

ఆ నీటిని పొయ్యటానికి మాత్రం రాగిచెంబు వాడవద్దు. రాగిబిందెలో నీరు మనకు మంచిదని పెద్దలంటారు. కాని రొయ్యలకూ, పగడాలకూ రాగి కొంచెమైనా విషమే. చేపల ఒంటిమీద తెల్లచుక్కలు వచ్చే జబ్బుకు రాగిమందే వాడుతారు, కాని పగడాల తొట్టిలో కాదు, విడి తొట్టిలో. ఈ జబ్బు ఒక్క చేపతో వచ్చి తొట్టినంతా ఊడ్చిపెట్టగలదు. అందుకే కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచి చూస్తారు.

నీటి వేడి 25, 26 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. మన ఎండాకాలంలో ఇది కష్టం. తొట్టి మూత తీసి నీటిమీదికి పంకా తిప్పితే, కూజాలో నీరు చల్లబడినట్టే, ఆవిరి అవుతూ నీరు చల్లబడుతుంది. కరెంటు పోయినప్పుడు ఇంకా ప్రమాదం. వెచ్చని ఉప్పునీరు ప్రాణవాయువును తక్కువగా కరిగించుకుంటుంది. మోటారు ఆగిపోతే కొన్ని గంటలలోనే చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు పావలా వస్తువులాగా కనిపించినా, ఆ రాత్రి ప్రాణాలు కాపాడేది అదే. అదీ లేకపోతే చెంబుతో ముంచి ఎత్తిపొయ్యటమే!

చేపల ఎంపికలో జనం రంగు చూసి మోసపోతారు. మాండరిన్ చేప అని ఒకటున్నది. నీలంమీద నారింజరంగు తీగెలు అల్లినట్టుండి, చూసినవాళ్ళు కొనకుండా ఉండలేరు. దాని నోరు చాలా చిన్నది. అది రోజంతా రాళ్ళమీద పాకే సన్నని పురుగులను ఏరుకు తింటుంది. మనం వేసే తిండిని సాధారణంగా ముట్టనైనా ముట్టదు. కొత్త తొట్టిలో ఆ పురుగులుండవు. రోజూ తిండి వేస్తున్న ఇంట్లోనే అది కొన్ని వారాలపాటు చిక్కి చిక్కి చస్తుంది. దాన్ని కొనకపోవటమే దానికి మనం చెయ్యగల మేలు.

క్లౌన్ చేప అలా కాదు, గట్టిపిండం. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలు, నల్లని అంచులు. వీటి కుటుంబం వింతగా ఉంటుంది. అన్నీ మొదట మగవే. గుంపులో అన్నిటికన్న పెద్దది ఆడచేపగా మారుతుంది. అది చస్తే దాని మగడే ఆడచేప అయిపోతాడు! సముద్రంలో ఇవి విషపు మీసాలుండే ఎనిమోన్ అనే జీవి మధ్య కాపురముంటాయి. తొట్టిలో ఎనిమోన్ లేకపోయినా నిక్షేపంగా బతుకుతాయి.

ఈ చేపలు ఎక్కడినుంచి వస్తాయి? పెద్దలు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. 1960 తరవాత ఫిలిప్పీన్స్‌లో కొందరు పగడపు సందులలోకి సయనైడు చిమ్మి, మత్తెక్కిన చేపలను పట్టటం మొదలుపెట్టారు. అలా పట్టిన చేప దుకాణంలో బాగానే ఈదుతూ కనిపించి, కొద్ది వారాలలో ఇంట్లో చావవచ్చు. వెనక సముద్రంలో పగడం కూడా చస్తుంది. తొట్లలోనే పుట్టి పెరిగిన చేపలతో ఈ బాధ లేదు. క్లౌన్ చేపలను అలా పుట్టించటం మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించారు.

మన దేశంలో పగడాల విషయం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూలులోనే. సముద్రంనుంచి వాటిని తియ్యటం, అమ్మటం, కొనటం నేరం. ఒడ్డున దొరికిన పగడపు రాతిని కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. అందుచేత ఇక్కడ తొట్టి పెట్టుకునేవారికి మనుషులు తయారుచేసిన బొరియల రాళ్ళూ, తొట్లలో పుట్టిన చేపలూ సరిపోతాయి. సూక్ష్మజీవులు ఏ రాయి అయినా వంక పెట్టవు.

చట్టం ఒప్పుకునే దేశాలలో కూడా ఇప్పుడు సముద్రంనుంచి కొత్త పగడం తేనక్కరలేదు. మందారకొమ్మ విరిచి పాతినట్టే, పగడపు కొమ్మను వేలెడంత విరిచి పెంచవచ్చు. గత శతాబ్దం చివర బెర్లిన్‌లో డీట్రిచ్ స్ట్యూబర్ అనే ఆయన తన తొట్టిలో ఒక కొమ్మల పగడాన్ని పెంచి, ముక్కలు విరిచి స్నేహితులకు ఇచ్చాడు. వాళ్ళు మరికొందరికి ఇచ్చారు. ఆ ఒక్క పగడపు సంతతి ఎన్నో ఇళ్ళకు చేరింది. విరిచిన ముక్కను బంకతో రాతికి అతికిస్తారు. మొదటి రోజులలో అది ముడుచుకుని, చచ్చినట్టే కనిపిస్తుంది. తరవాత ఒక రాత్రి దాని మీసాలు బయటికి వస్తాయి. మరికొన్ని వారాలకు అడుగున పలచని పొర బయలుదేరి, బంకమీదుగా పాకి, రాతిని పట్టుకుంటుంది.