వాడిది అల్లరేనా? ఒకసారి చూపిస్తే పోయేదేముంది!

మూడో తరగతి పిల్లాడు. వారం తిరక్కుండానే బడి నుంచి ఫోన్. పక్కవాణ్ని కొట్టాడనో, నోట్సు రాయలేదనో ఫిర్యాదు. ‘మగపిల్లాడన్నాక ఆమాత్రం ఉండదా’ అంటారు తాతయ్య. ‘నీ గారాబమే’ అంటాడు నాన్న. అమ్మకు మాత్రం లోలోపల ఏదో బెంగ. దామరచర్ల, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట.. ఏ ఊళ్లో చూసినా ఇలాంటి ఇళ్లు కనిపిస్తాయి. తప్పెవరిదో తేల్చుకునేలోపే ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాదే పిల్లలకు చాలా విలువైనది.

మూడు ప్రశ్నలు వేసుకోండి

అల్లరి చేసే పిల్లలందరికీ డాక్టరు అక్కర్లేదు. మరి ఎవరికి అవసరం? ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

ఎంతకాలంగా? ఊరు మారినప్పుడు, ఇంట్లోకి చెల్లో తమ్ముడో వచ్చినప్పుడు కొన్ని వారాలు పేచీ పెట్టడం మామూలే. యాదాద్రి థర్మల్ కేంద్రం పనుల కోసం వేరే ప్రాంతాల నుంచి దామరచర్ల మండలానికి వచ్చే కుటుంబాల్లో పిల్లలకు ఊరు, బడి, స్నేహితులు అన్నీ ఒక్కసారే మారిపోతాయి. కుదురుకోవడానికి వాళ్లకు కొంత సమయం ఇవ్వాలి. నెలలు గడిచినా తగ్గకపోతే మాత్రం ఆలోచించాలి.

ఎన్నిచోట్ల? ఇంట్లో బుద్ధిగా ఉండి బడిలోనే గొడవ పడుతున్నాడంటే ఇబ్బంది బడిలో ఉండొచ్చు. ఇల్లు, బడి, బంధువుల ఇల్లు.. ఎక్కడైనా ఒకే తీరైతే కారణం పిల్లాడిలోనే వెతకాలి. అతి చురుకుదనం, ఏకాగ్రత లోపం కలిసిన ‘ఏడీహెచ్‌డీ’ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసేదీ ఇదే. లక్షణాలు కనీసం 6 నెలలుగా, రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల కనిపించాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి.

ఎంత నష్టం? చదువు, నిద్ర, తిండి, స్నేహం.. వీటిలో ఏదైనా దెబ్బతింటుంటే అది ఉత్త అల్లరి కాదు.

పైకి ఒకటే, లోపల ఎన్నో

‘చెప్పిన మాట వినడు’ అనే ఒక్క ఫిర్యాదు వెనక ఎన్నో కారణాలు ఉండొచ్చు. చెవి సరిగా వినపడని పిల్లాడు పిలిస్తే పలకడు. చూపు ఆనకపోతే బోర్డు మీదది ఎక్కించుకోలేడు. ముక్కు వెనక అడినాయిడ్స్ వాచి రాత్రంతా గురక పెట్టే పిల్లాడు పగలంతా చిరాకుగా ఉంటాడు. పాఠం మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం ఒక రకం మూర్ఛ కావొచ్చు. అక్షరాలు కూడబలుక్కోలేని డిస్‌లెక్సియా ఉన్న పిల్లాడికి, చదవమన్నప్పుడు గొడవ చేయడం తప్పించుకునే దారి. దిగులు కూడా పిల్లల్లో చాలాసార్లు ఏడుపుగా కాకుండా కోపంగా బయటపడుతుంది.

కొట్టినా, ఫోన్ లాక్కున్నా వీటిలో ఏదీ పోదు. కారణం తెలిస్తేనే దారి దొరుకుతుంది.

చిన్నపిల్లల్లో ఇంకొన్ని గుర్తులున్నాయి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావాల్సిన వస్తువును వేలితో చూపించకపోవడం, రెండేళ్లకూ రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే’ అని ఊరుకోవద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట మీ పిల్లల డాక్టరుకే చూపించండి. ఎదుగుదల, వినికిడి, చూపు, రక్తహీనత, థైరాయిడ్ వంటివి ముందు అక్కడ తేలాలి. అవసరమైతే మానసిక వైద్యుడికో, క్లినికల్ సైకాలజిస్టుకో పంపుతారు. మానసిక వైద్యుడు మందు రాయగలరు. సైకాలజిస్టు తెలివితేటల, అభ్యాస పరీక్షలు చేస్తారు, ప్రవర్తన చికిత్స ఇస్తారు. చాలామంది పిల్లలకు ఇద్దరి అవసరమూ ఉంటుంది.

నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. ప్రైవేటు బడుల పిల్లలు ఆ లెక్కలో లేరు కాబట్టి తల్లిదండ్రులే చొరవ తీసుకోవాలి.

ఇంకా లోతైన పరీక్షలు కావాలంటే హైదరాబాద్ వెళ్లాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు నీపిడ్. ఆటిజం తీవ్రతను లెక్కకట్టడానికి దేశమంతా వాడే 40 అంశాల కొలమానాన్ని రూపొందించింది ఈ సంస్థే. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ప్రయాణానికి ముందు సలహా కావాలంటే 14416కు ఫోన్ చేయండి. ఇది 2022లో మొదలైన ‘టెలి మానస్’. కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వెళ్లేముందు

రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. గొడవ ఎప్పుడైంది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, ఎలా ఆగింది. ‘ఎప్పుడూ ఇంతే’ అన్న మాట కంటే ఆ నాలుగు పేజీలు డాక్టరుకు ఎక్కువ పనికొస్తాయి. టీచరు దగ్గరా ఓ కాగితం రాయించుకోండి. ప్రోగ్రెస్ కార్డులు, పాత నోట్సులు, కాన్పు నాటి కాగితాలు వెంట పెట్టుకోండి. వీలైతే అమ్మానాన్న ఇద్దరూ వెళ్లండి. పిల్లాడికి ‘నీ మీద చెప్పడానికి కాదు, నీకు ఎక్కడ కష్టంగా ఉందో తెలుసుకోవడానికి వెళ్తున్నాం’ అని ముందే చెప్పండి.

ఒక్కరోజులో తేలకపోవచ్చు. రెండు మూడుసార్లు రమ్మంటే విసుక్కోవద్దు. అయిదు నిమిషాల్లో పేరు పెట్టేసి మందు రాసిస్తే మాత్రం ‘దేన్నిబట్టి చెబుతున్నారు?’ అని అడిగే హక్కు మీకుంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఏడీహెచ్‌డీ ఉన్నా, మొదట ఇచ్చేది తల్లిదండ్రులకు శిక్షణే.

ముద్ర పడుతుందన్న భయం

‘పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారట’ అంటారేమో, రేపు సంబంధాలప్పుడు అడ్డొస్తుందేమో అన్న జంకు చాలా ఇళ్లలో ఉంది. జాన్‌పహాడ్ దర్గాలో మొక్కుకున్నా, వాడపల్లి అగస్త్యేశ్వరుణ్ని వేడుకున్నా తప్పులేదు. కానీ మొక్కు కోసం డాక్టరును ఆపొద్దు. చూపించకపోతే ముద్ర తప్పుతుందా అంటే అదీ లేదు. ‘మొద్దు’, ‘రౌడీ’ అన్న పేర్లు బడిలో ఈపాటికే పడి ఉంటాయి. డాక్టరు పెట్టే పేరుతో కనీసం సాయం అందుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, అభ్యాస లోపాలు కూడా ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగొచ్చు.

ఇవైతే ఆగొద్దు

* చచ్చిపోతానని అనడం, తనను తాను గాయపరచుకోవడం
* ఉన్నట్టుండి మనిషే మారిపోవడం, ఒక వ్యక్తిని లేదా చోటును చూస్తే వణికిపోవడం
* మూగజీవాలను హింసించడం, నిప్పుతో ఆటలు
* నేర్చుకున్న మాటలు, అలవాట్లు పోవడం

ఈ పిల్లల్ని వెంటనే చూపించాలి. ఎవరైనా వేధిస్తున్నారన్న అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయండి.

పరీక్ష చేయించాక ‘ఏమీ లేదు’ అని తేలితే మనసు కుదుటపడుతుంది. ఏదైనా ఉందని తేలితే, పిల్లాడు ఇన్నాళ్లూ మొండికేయలేదని, సాయం అడిగే మాటలు తెలియక అలా చేశాడని ఇంటిల్లిపాదికీ అర్థమవుతుంది.